ఊరి పేరు చాలదు, పేట పేరు చెప్పండి

జపాన్ యాత్రలు నడిపే తెలుగు టూర్ నిర్వాహకులకు బహిరంగ లేఖ



మీలో చాలామంది ఏటా రెండు విడతలు జపాన్ యాత్ర ప్రకటిస్తారు. మార్చి నెలాఖరులో చెర్రీ పూల కోసం ఒకటి, నవంబరులో ఎర్రబడే మేపుల్ ఆకుల కోసం ఇంకొకటి. హైదరాబాద్‌లో ఎక్కించి, బ్యాంకాక్ మీదుగానో సింగపూర్ మీదుగానో టోక్యోలో దింపి, ఫుజి కొండ చూపించి, బుల్లెట్ రైల్లో క్యోటో తీసుకెళ్లి, ఒసాకాలో ముగిస్తారు. మీరిచ్చే కాగితంలో లేని వివరం ఉండదు. ఏ పూట ఎక్కడ ఇండియన్ భోజనమో ఉంటుంది, బస్సులో ఎన్ని సీట్లో ఉంటుంది, రోజుకు ఎన్ని మంచినీళ్ల సీసాలిస్తారో కూడా ఉంటుంది. క్యోటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘త్రీ స్టార్ హోటల్ లేదా అలాంటిదే’ అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. ఫోన్ చేసి అడిగితే ‘సిటీలోనేనండీ, టెన్షన్ పడకండి’ అంటారు. బయల్దేరే వారంలో హోటల్ పేరు వాట్సాప్‌లో వస్తుంది. మ్యాప్ తెరిచి చూస్తే ఒక్కోసారి అది క్యోటోలోనే ఉండదు.

నేను అడగబోయేది చిన్న పని. క్యోటో బస ఎదురుగా మూడు విషయాలు రాయండి: హోటల్ ఉన్న పేట, దగ్గరలోని రైల్వే స్టేషన్ పేరు, ఆ స్టేషన్‌కు ఎన్ని నిమిషాల నడక. నక్షత్రాలు రాయకపోయినా ఫర్వాలేదు. లండన్‌లోనో దుబాయ్‌లోనో హోటల్ ఎక్కడున్నా సర్దుకుంటాం. క్యోటోలో అది కుదరదు. ఎందుకు కుదరదో చెబుతాను.

క్యోటో 794లో కమ్ము చక్రవర్తి కట్టించిన రాజధాని. చైనా రాజధాని చాంగాన్‌ను నమూనాగా పెట్టుకుని గళ్లు గీసినట్టు వీధులు వేశారు. పెద్ద అడ్డవీధులకు అంకెల పేర్లు: సంజో మూడోది, షిజో నాలుగోది, గోజో అయిదోది. తూర్పు, ఉత్తరం, పడమర మూడువైపులా కొండలు. చక్రవర్తి 1869లో టోక్యోకు మకాం మార్చేదాకా, వెయ్యేళ్లకు పైగా ఇదే రాజనగరం. రెండో ప్రపంచయుద్ధంలో పెద్ద బాంబు దాడులు తప్పించుకుంది కాబట్టి ఆ గళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అయితే మనం చూడటానికి వెళ్లేవి ఈ గళ్ల మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ. కియోమిజు ఆలయం తూర్పు కొండ వాలు మీద, వెండి మంటపమనే గింకకుజి ఈశాన్య మూల, బంగారు మంటపం కింకకుజి వాయవ్యాన, వెదురు తోపుల అరాషియామా పడమటి కొసన, వేల ఎర్ర తోరణాల ఫుషిమి ఇనారి దక్షిణాన. మధ్యలో ఉన్నది బ్యాంకులు, ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు ఉన్న మామూలు నగరం. కాబట్టి క్యోటోలో అన్నిటికీ దగ్గరైన హోటల్ అంటూ ఒకటి లేదు. ‘ప్రధాన ఆకర్షణలకు సమీపంలో’ అని రాసేవాళ్లు ఏ ఆకర్షణకో రాయరు.

దూరం ఒక్కటే అయితే బస్సు వేసుకుని తిరగొచ్చు. అసలు చిక్కు వేళలతో వస్తుంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం అయిదు దాకా పేరున్న చోట్లన్నీ తిరునాళ్లే. ఏడాదికి అయిదు కోట్లమందికి పైగా వచ్చిపోయే ఊరు. అక్కడ కాపురం ఉండేవాళ్లు పద్నాలుగు లక్షల చిల్లర. తొమ్మిదికి ముందు, చీకటిపడ్డాక అదే ఊరు వేరేగా ఉంటుంది. కియోమిజు ద్వారం పొద్దున ఆరింటికే తెరుస్తారు. ఫుషిమి ఇనారికి తలుపులే లేవు, అర్ధరాత్రి వెళ్లినా తోరణాల కింద నడవొచ్చు. అరాషియామా వెదురు బాటకు గేటూ లేదు, టికెట్టూ లేదు. చీకటిపడ్డాక గియోన్ వీధుల్లో, పొంతోచో సందులో, కమో నది గట్టున తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మిగతా గుళ్లు చాలావరకు సాయంత్రం అయిదుకల్లా మూసేస్తారు.

ఇప్పుడు మీ కార్యక్రమం చూడండి. ఏడున్నరకు టిఫిన్, తొమ్మిదికి బస్సు, సాయంత్రం అయిదింటికి మళ్లీ బస్సు, ఆరున్నరకు ఇండియన్ డిన్నర్, ఎనిమిదికి గది. బాగున్న గంటలన్నీ హోటల్లో గడిపి, కిక్కిరిసిన గంటలన్నీ రోడ్డు మీద గడపమంటున్నారు. ఆ టైమ్‌టేబుల్ మార్చమని అడగను, ముప్పై నలభై మందిని కదిలించడం ఎంత కష్టమో తెలుసు. సరైన పేటలో దింపితే చాలు. పెందలాడే లేచే అలవాటు మన పెద్దవాళ్లకు ఎలాగూ ఉంది, వాళ్లంతట వాళ్లే నడిచి చూసుకుని టిఫిన్ వేళకు వచ్చేస్తారు.

ముందు ఒసాకా సంగతి మాట్లాడుకుందాం. క్యోటో చూపిస్తూ ఒసాకాలో పడుకోబెట్టడానికి మీకు కారణాలున్నాయి. గది చవక, కాస్త విశాలం, పెద్ద బస్సు ఆపుకోవడానికి వీలు, గుంపు మొత్తానికి ఒకేచోట భోజనం. పూల సీజన్లో, ఆకుల సీజన్లో క్యోటో గదుల ధరలు ఆకాశంలో ఉంటాయన్నదీ నిజమే. పాతికేళ్ల కుర్రాళ్లయితే ఒసాకాలో ఉన్నా దిగుల్లేదు. జేఆర్ స్పెషల్ ర్యాపిడ్ రైలెక్కితే ఒసాకా స్టేషన్ నుంచి క్యోటోకు అరగంట. కానీ మీ గుంపు రైలెక్కదు, బస్సులోనే వస్తుంది. హోటల్ ముందు అందరూ పోగయ్యేసరికి తొమ్మిదిన్నర. హైవే మీద గంట, ఊళ్లో ట్రాఫిక్‌లో ఇంకొంత. మీ బస్సు కియోమిజు గుమ్మం దాకా వెళ్లలేదు, వాలు కింద పార్కింగ్‌లో దింపుతుంది. అక్కణ్నుంచి పైకి ఎక్కాలి. నేను అలాంటి యాత్రలో వెళ్లినప్పుడు, జనం మోచేతులు రాసుకునే పదకొండు గంటల వేళకు మా బృందం ఆ ఎక్కుడు మొదలుపెట్టింది. మాతో వచ్చిన ఇద్దరు పెద్దావిడలు సగం దారిలో ఒక చాయ్ కొట్టు ముందు కూలబడి, ‘మీరెళ్లి చూసి రండమ్మా, మేమిక్కడ మీ సంచులు చూస్తాం’ అన్నారు. ఆరు వేల కిలోమీటర్ల దూరం వచ్చి సంచులకు కాపలా కాశారు. అదే వాలు పొద్దున ఆరున్నరకు, ఖాళీ మెట్లమీద ఆగి ఆగి వాళ్లు సులువుగా ఎక్కేవాళ్లు.

క్యోటోలో గదులు దొరకవంటే ఒసాకా కంటే మంచి దారి ఒకటుంది. క్యోటో స్టేషన్ నుంచి తూర్పుగా జేఆర్ రైల్లో మొదటి స్టేషను యమషినా, అయిదు నిమిషాలు. అది క్యోటో నగరంలో భాగమే, అక్కణ్నుంచి సబ్‌వే కూడా నేరుగా ఊళ్లోకి వస్తుంది. దాని తర్వాతిది ఒత్సు, పది నిమిషాలు. జపాన్‌లోకెల్లా పెద్దదైన బీవా సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. క్యోటో నిండిపోయిన వారాల్లో ఒత్సులో గదులు చూడండి.

ఇక క్యోటో స్టేషన్ పరిసరాలు. పుస్తకాలు చదివి వచ్చినవాళ్లు ఈ పేటను చిన్నచూపు చూస్తారు. ‘పాత క్యోటో ఎక్కడ? ఇదంతా గాజూ కాంక్రీటూ’ అని మూతి విరుస్తారు. హరా హిరోషి రూపకల్పనలో 1997లో తెరిచిన ఆ స్టేషన్ భవనం నిజంగానే గుడిలా ఉండదు, విమానాల హ్యాంగర్‌లా ఉంటుంది. ఎదురుగా 131 మీటర్ల క్యోటో టవర్. రాత్రి ఎనిమిది దాటాక వెడల్పాటి రోడ్లు, ట్యాక్సీల వరస తప్ప తిరగడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా మీ ప్యాకేజీ రెండు రాత్రులదే అయితే నా ఓటు దీనికే. కన్సాయ్ విమానాశ్రయం నుంచి హరుకా రైలు నేరుగా ఇక్కడికి వస్తుంది. జేఆర్ నారా లైన్‌లో ఇనారి స్టేషన్ అయిదు నిమిషాలు. దిగితే తోరణాలు ఎదురుగానే. సగానో లైన్‌లో అరాషియామా పావుగంట పైచిలుకు. నారాకు వెళ్లి జింకలను చూసి రావాలన్నా ముప్పావుగంటే. మోకాళ్ల నొప్పులు, పెద్ద పెట్టెలు ఉన్న బృందానికి లిఫ్టులున్న పెద్ద స్టేషన్ పక్కనే ఉండటం చిన్న సుఖం కాదు. ఒక్కటి మాత్రం గమనించండి. స్టేషన్‌కు ఉత్తరాన కరసుమ వైపు, దక్షిణాన హచిజో వైపు అని రెండు ముఖాలున్నాయి. బుల్లెట్ రైలు దిగేది దక్షిణం వైపు, ఊళ్లోకి వెళ్లే బస్సులు చాలావరకు ఉత్తరం వైపు. ‘స్టేషన్ దగ్గర’ అన్నప్పుడు ఏ వైపో కూడా రాయండి.

ఈ పేటలో దిగినవాళ్లకు పొద్దున్నే చూడటానికి ఏమీ లేదని కూడా ఎవరూ చెప్పకూడదు. నైరుతి దిక్కున పావుగంట నడిస్తే తోజి ఆలయం, జపాన్‌లో అన్నిటికంటే ఎత్తయిన చెక్క గోపురం దానిదే, దాదాపు 55 మీటర్లు. నెలనెలా 21వ తేదీన అక్కడ సంత జరుగుతుంది. పాత కిమోనోలు, గిన్నెలు, పనిముట్లు, మొక్కలు, తినుబండారాలు. మీ తేదీల్లో 21 పడితే ఆ రోజు బస్సు ఎక్కకపోయినా నష్టం లేదు. స్టేషన్ నుంచే వాయవ్యంగా పావుగంట నడిస్తే నిషి హోంగంజి. అయిదున్నరకే తలుపులు తీస్తారు, ఆరింటికి పొద్దుటి ప్రార్థన, టికెట్టు లేదు. ఎవరైనా వెళ్లి చాపల మీద కూర్చోవచ్చు. ఈ గుడి సంప్రదాయానికి మూలపురుషుడైన షిన్‌రాన్ తన గురుపరంపరలో ఏడుగురు ఆచార్యులను లెక్కపెట్టాడు. అందులో మొదటివాడు నాగార్జునుడు. మన నాగార్జునకొండ ఎవరి పేరు మోస్తోందో ఆ ఆచార్యుడే. జపనీయులు ఆయన్ను ర్యూజు అంటారు. నాగార్జునసాగర్‌లో లాంచీ ఎక్కి ద్వీపం మీది మ్యూజియం చూసొచ్చిన తెలుగువాళ్లు మీ బృందంలో సగంమంది ఉంటారు. హోటల్‌కు కూతవేటు దూరంలో ఈ గుడి ఉందని వాళ్లకు చెప్పే గైడు నాకైతే కనిపించలేదు.

మూడు రాత్రులో అంతకంటే ఎక్కువో ఉంటే స్టేషన్ వదిలి పైకి జరగండి. క్యోటోవాళ్లు ఉత్తరానికి పోవడాన్ని ఎక్కడమనీ, దక్షిణానికి పోవడాన్ని దిగడమనీ అంటారు. చిరునామాలు కూడా అలాగే రాస్తారు: ఫలానా వీధులు కలిసే చోటు నుంచి ఎక్కితే, దిగితే, తూర్పుకు తిరిగితే అని. ఇది తెలిస్తే మ్యాప్ లేకుండానే సగం ఊరు తిరగొచ్చు.

అలా ఎక్కితే వచ్చేది నడిమి పేట, షిజో కరసుమ నుంచి కవరమాచి దాకా. పైన కరసుమ ఒయికె స్టేషన్ దగ్గర క్యోటో సబ్‌వేలు రెండూ కలుస్తాయి. ఊరి మొత్తానికి ఉన్నవే రెండు లైన్లు, అవి కలిసే చోటికి దగ్గరగా ఉంటే బస్సు మీద ఆధారపడే పని సగం తగ్గుతుంది. హంక్యూ రైలు ఇక్కడ్నుంచి నేరుగా ఒసాకాకు, ఒకచోట మారితే అరాషియామాకు పోతుంది. నాలుగు వందల మీటర్ల పొడవైన నిషికి బజారు ఇక్కడే: ఊరగాయలు, ఎండుచేపలు, టోఫు, కత్తులు. పెద్ద రోడ్డు మీద డిపార్ట్‌మెంటు స్టోర్లు కనిపించి ఇదేం క్యోటో అనిపిస్తుంది గానీ, ఒక్క సందు లోపలికి తిరిగితే ఇరుకు ముఖం, పొడవాటి ఒళ్లు ఉన్న పాత మాచియా ఇళ్లు, టీ పొడి కొట్లు, అగరొత్తుల కొట్లు. 2007లో నగరపాలన ఈ నడిబొడ్డులో భవనాల ఎత్తు పరిమితిని 45 మీటర్ల నుంచి 31కి దించింది, ఇంటి కప్పుల మీద ప్రకటనల బోర్డులు తీయించేసింది. అందుకే ఇక్కడ హోటళ్లు పొట్టిగా, గదులు ఇరుగ్గా ఉంటాయి. రెండు పెద్ద పెట్టెలు ఒకేసారి నేలమీద తెరవలేరు. ఆ సంగతి ముందే చెబితే జనం చిన్న పెట్టె తెచ్చుకుంటారు.

జూలైలో వస్తే ఈ పేట విలువ పదింతలు. గియోన్ పండుగ రథాలు నిలబడేది షిజో కరసుమ చుట్టుపక్కల వీధుల్లోనే. 17న, 24న ఊరేగింపులు. ఎండ మన రాజమండ్రిని మరిపిస్తుంది, ఆ సంగతీ దాచకండి. ఇంకో జాగ్రత్త: కవరమాచికి, నదికి మధ్య కియామాచి అనే వీధి ఉంది. కాలువ, విల్లో చెట్లు పగలు చూడముచ్చటగా ఉంటాయి. రాత్రి బార్లు, కేకలు. ఆ వీధి మీదికి కిటికీలున్న గదులు కుటుంబాలకు వద్దు.

ఇక అందరూ కలలు కనే హిగాషియామా, గియోన్. రాళ్లు పరిచిన సన్నెన్‌జాకా మెట్లు, వాటికి దగ్గర్లో యసాకా గోపురం, కాగితపు లాంతర్ల వెలుగు, ఎక్కడో చెక్క చెప్పుల చప్పుడు. పొద్దున అయిదున్నరకు తలుపు తీసుకుని ఆ వీధిలోకి అడుగుపెట్టగలిగితే అంతకు మించిన బస ఆ దేశంలో ఇంకోటి లేదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మీ ముప్పైమంది గుంపును అక్కడ దింపకండి. మొదటి కారణం శరీరానిది. అదంతా ఎగుడుదిగుడు వాలు, మెట్లు. కార్లు పోలేని సందులు. సబ్‌వే లేదు, కెయ్‌హాన్ రైలు స్టేషన్‌కు దిగి నడవాలి. పాతకాలపు సత్రాల్లో పడక చాప మీద పరిచిన ఫుతోన్. నేలమీంచి లేవలేనివాళ్లకు రాత్రి బాత్రూంకు వెళ్లడమే ఒక యాత్ర. కొట్లు ఆరింటికల్లా మూసేస్తారు, ముందుగా బుక్ చేసుకోనివాళ్లకు రాత్రి తిండి కష్టం.

రెండో కారణం ఇంకా పెద్దది, దాన్ని మీరు మీ ఖాతాదారులకు ఎప్పుడూ చెప్పరు. అవి సినిమా సెట్టు కాదు, కాపురాలున్న వీధులు. గెయికోలు, మాయికోలు అనే సంప్రదాయ కళాకారిణులు పనికి వెళ్లే దారిలో ఫోన్లు పట్టుకుని వెంటపడేవాళ్లు ఎక్కువైపోయి, గియోన్ వాసుల సంఘం 2024 వసంతంలో తమ సొంత సందుల్లోకి పర్యాటకులు రావద్దని బోర్డులు పెట్టింది. అడుగుపెడితే పదివేల యెన్లు జరిమానా అని అందులో రాశారు. హనామికోజి లాంటి పెద్ద వీధి అందరిదీ, పక్క సందులు వాళ్లవి. మాచియా ఇళ్లను అద్దెకిచ్చే వ్యాపారం మీద కూడా జనానికి కోపముంది. 2018 జూన్‌లో వచ్చిన చట్టం ఇళ్లను ఏడాదికి 180 రోజులకు మించి అద్దెకివ్వకూడదంది. క్యోటో నగరం ఇంకాస్త బిగించి, కేవలం నివాసాలకే కేటాయించిన పేటల్లో జనవరి మధ్య నుంచి మార్చి మధ్య దాకా మాత్రమే ఇవ్వొచ్చంది. చెక్క గోడ అవతల ఒక ముసలాయన నిద్రపోతుంటాడు. మనవాళ్లు రాత్రి పదకొండింటికి ఇంటివాళ్లతో వీడియో కాల్ మాట్లాడితే మూడిళ్ల అవతలికి వినపడుతుంది. రాళ్ల మీద పెట్టెల చక్రాల చప్పుడు సరేసరి. ఇద్దరో నలుగురో ఒక రాత్రికి వెళ్లి, గొంతు తగ్గించి ఉండి రావాల్సిన చోటు అది. విడిగా వెళ్లే దంపతులకు అమ్మండి, గుంపుకు వద్దు.

మరి గియోన్ అందుబాటులో ఉండాలి, కాళ్లు నొప్పెట్టకూడదు అనేవాళ్లకు నేను చెప్పే చోటు సంజో వంతెన తూర్పు కొస. నాకు ఇష్టమైన పేట కూడా ఇదే, కాబట్టి కొంచెం పక్షపాతం ఉంటుంది. ఒకే చోట కెయ్‌హాన్ రైలు, తోజాయ్ సబ్‌వే రెండూ దొరుకుతాయి. కెయ్‌హాన్ ఎక్కితే కిందికి ఫుషిమి ఇనారి, పైకి దెమాచి-యనాగి; అక్కడ రెండు నదులు కలిసే చోట తాబేళ్ల ఆకారంలో రాళ్లు వేశారు, వాటిమీద గెంతుతూ పిల్లలు నది దాటుతుంటారు. నడిచి పది నిమిషాలు దిగితే షిరాకావా కాలువ, దాని పక్కన గియోన్. వంతెన దాటితే పొంతోచో. మే నెల నుంచి శరత్తు మొదలయ్యేదాకా నది పడమటి గట్టున చెక్క అరుగులు కట్టి భోజనం వడ్డిస్తారు. తూర్పు గట్టున ఉచితంగా కూర్చుని ఆ దీపాలు చూడొచ్చు. పొద్దున మన పెద్దవాళ్లు వాకింగ్‌కు పోవడానికి కమో గట్టును మించింది లేదు: చదునైన బాట, బెంచీలు, కొంగలు, ట్రాఫిక్ లేదు.

మిగతావి త్వరగా చెబుతాను. అరాషియామా సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక అందంగా ఉంటుంది. సత్రాలు ఖరీదు, ఊళ్లోకి రాకపోకలు దూరం, ఒక్క రాత్రికి చాలు. ఫుషిమి దక్షిణాన సాకే కాచే ఊరు, చవక, రైలు సౌకర్యం ఉంది, గుళ్ల కంటే రేవులు, గిడ్డంగులు ఇష్టపడేవాళ్లకు. గుళ్లలోనే బస కావాలంటే నిన్నాజి, మ్యోషిన్‌జి, చియోన్‌యిన్ లాంటి చోట్ల వసతి గృహాలున్నాయి. నియమాలకు ఒప్పుకునేవాళ్లే వెళ్లాలి.

నిషిజిన్‌ను మాత్రం విడిగా చెప్పాలి. వాయవ్యాన ఉన్న పట్టు నేత పేట ఇది, కిమోనో పైన కట్టే జరీ పట్టీలకు పేరు. 1870లలో ఇక్కడి నేతగాళ్లను ఫ్రాన్స్‌లోని లియాన్‌కు పంపి జకార్డు మగ్గం తెప్పించుకున్నారు. అదే జకార్డు మన ధర్మవరం ఇళ్లల్లో ఆడుతోంది. పట్టు వ్యాపారమో నేతపనో తెలిసిన కుటుంబాలు మీ యాత్రల్లో తరచూ వస్తుంటాయి; వాళ్లకు రెండు రాత్రులు నిషిజిన్‌లో ఇచ్చి చూడండి. పక్కనే కితానో తెన్మంగూ గుడి, ప్రతి నెలా 25న సంత. గెయికోల పాత పేట కమిషిచికెన్ కూడా అక్కడే, గియోన్‌లో ఉన్న తొక్కిడి లేకుండా. కింకకుజికి ఇక్కణ్నుంచి బస్సు కొద్ది నిమిషాలే, నడిచినా వెళ్లొచ్చు. సబ్‌వే దూరమన్న మాట వాస్తవం.

బస్సు మాట వచ్చింది కాబట్టి: ‘లోకల్ బస్ పాస్‌తో సైట్ సీయింగ్’ అని పాత కాగితాలు ఇంకా తిప్పుతున్నవాళ్లున్నారు. ఆ ఒక్కరోజు బస్ పాస్ 2024 మార్చితో చెల్లడం ఆగిపోయింది. పర్యాటకులతో నిండిన బస్సుల్లో ఊరివాళ్లు ఎక్కలేకపోతున్నారని నగరమే దాన్ని తీసేసింది. సబ్‌వే, బస్సు కలిపిన పాస్ 1,100 యెన్లకు ఉంది. అదే ఏడాది జూన్‌లో పర్యాటకుల కోసం విడిగా, 500 యెన్ల టికెట్‌తో కొన్ని ఎక్స్‌ప్రెస్ బస్సులు వేశారు. పెద్ద పెట్టెలతో సిటీ బస్సు ఎక్కించే పని మాత్రం పెట్టుకోకండి. టోక్యో హోటల్ నుంచి క్యోటో హోటల్‌కు పెట్టెలు పంపే కొరియర్ సేవ హోటల్ కౌంటర్‌లోనే దొరుకుతుంది, మర్నాటికి చేరతాయి.

తిండి వల్ల కూడా పేట మారుతుంది. శాకాహారులకు క్యోటో వంటలో చిక్కు దాషితో: కూరలోనైనా సూపులోనైనా బొనిటో చేప వేసి కాచిన ఆ నీళ్లే ఆధారం, పైకి ఏమీ కనిపించదు. గుళ్ల దగ్గర వండే శోజిన్ భోజనంలో చేప ఉండదు. ఇండియన్ హోటళ్లు నడిబొడ్డున ఉన్నాయి, అందుకే నడిమి పేటలోనో సంజోలోనో ఉంటే సాయంత్రం బస్సు ఎక్కి దూరం పోయే పనే ఉండదు. తినేసి నదిమీదుగా నడిచి గదికి రావొచ్చు. మనవాళ్లు బుల్లి రైస్ కుక్కర్ తెచ్చుకుంటారని మీకూ తెలుసు. జపాన్‌లో కరెంటు 100 వోల్టులు, మన కుక్కర్ గంట పెట్టినా అన్నం ఉడకదు, పైగా గదిలో వంట హోటళ్లు ఒప్పుకోవు. ప్రయాణానికి ముందు పెట్టే మీటింగులో ఈ మాట చెప్పండి.

చివరగా డబ్బు సంగతి. క్యోటో నగరం 2018 అక్టోబరు నుంచి రాత్రి బస మీద పన్ను తీసుకుంటోంది. 2026 మార్చి 1 నుంచి దాన్ని పెంచింది. మనిషికి రాత్రికి గది ఖరీదు ఆరు వేల యెన్ల లోపైతే 200 యెన్లు, ఆరు నుంచి ఇరవై వేల లోపు 400, యాభై వేల లోపు వెయ్యి, లక్ష దాకా నాలుగు వేలు, లక్షా ఆపైన పదివేలు. మీ ప్యాకేజీలు ఎక్కువగా 400 దగ్గర ఆగుతాయి. మీరు క్యోటో అని రాసి ఒసాకాలో పెడితే ఈ పన్ను మీకు మిగులుతుంది. ఒసాకా పన్ను వేరు. ఏ ఊళ్లో ఏ పన్ను, అది మా దగ్గర తీసుకున్న సొమ్ములో కలిసిందా లేదా అన్నది పేట పేరు పక్కనే రాసివ్వండి. కౌంటర్ దగ్గర నలభైమంది చిల్లర యెన్ల కోసం జేబులు వెతుక్కునే పని తప్పుతుంది.

ఇట్లు,
మీ నవంబరు కాగితం కోసం చూస్తున్న ఒక యాత్రికురాలు